ఎర్రయితే పిలువు

ఇంకొకరు రాసిన కోడ్ చూస్తే నా చేతులు ఊరుకోవు. మా అమ్మ సుబ్బులు దీనికి నా చిన్నప్పుడే పేరు పెట్టింది: "బాగున్నదాన్ని బాగుచేసే రోగం." గడియారం విప్పి మళ్ళీ బిగించలేకపోయిన రోజు అన్న మాట అది. ఇరవై ఆరేళ్ళు వచ్చినా ఆ రోగం తగ్గలేదు. దానివల్ల మొన్న ఒక మనిషి ఉద్యోగం పోయేంత పని జరిగింది. ఆ సంగతి సిగ్గుపడుతూనే చెబుతున్నాను. సిగ్గు కన్నా ఆశ్చర్యం ఎక్కువగా ఉంది కాబట్టి చెప్పగలుగుతున్నాను.

మా ఆఫీసు సికింద్రాబాద్‌లో, ఎస్పీ రోడ్డు మీద. రక్తపరీక్షలు చేసే ల్యాబుల రిపోర్టులన్నీ దాచిపెట్టే సర్వర్లను మా కంపెనీ చూసుకుంటుంది. నాలుగో అంతస్తులో మేం కోడ్ రాస్తాం. రెండో అంతస్తులో ఉన్నవాళ్ళు సర్వర్లు ఆగిపోకుండా కాపలా కాస్తారు. ఒకే లిఫ్టులో ఎక్కిదిగుతాం గానీ ఒకరి మొహాలొకరికి తెలియవు. నేను చేరి అప్పటికి మూడు వారాలు.

చేరగానే నాకు అప్పగించిన పని పేరు చిట్టీ. సర్వరుకు ఏ పని చెప్పాలన్నా నల్ల తెర మీద ఆజ్ఞ టైప్ చేయాలి. అలాంటి ఆజ్ఞలు వందలుంటాయి, ఎవరి బుర్రలోనూ పట్టవు. అందుకని ఎవరో ఒక చిన్న ప్రోగ్రాం రాసి పెట్టారు. 'చిట్టీ' అని కొట్టి పక్కన పని పేరు కొడితే, ఆ పనికి కావలసిన ఆజ్ఞలు వరసగా, రంగుల్లో, తెర మీదికి వస్తాయి. పరీక్ష హాల్లో చొక్కా మడతలో దాచుకునే చిట్టీ లాంటిదే. కాకపోతే ఇక్కడ పట్టుబడితే ఎవరూ డీబార్ చేయరు.

దాని వెనక ఒక ఫైలు నిండా సహాయం చేసిపెట్టే చిన్న చిన్న ఫంక్షన్లు ఉన్నాయి. పేర్లన్నీ తెలుగులో, ఇంగ్లీషు అక్షరాలతో. 'తెచ్చిపెట్టు' అనేది ఆజ్ఞలున్న పేజీని వెతికి తెస్తుంది. 'విడదియ్యి' అనేది వివరణను, ఆజ్ఞను వేరు చేస్తుంది. 'రంగెయ్యి' అనేది రంగు పూస్తుంది. ఇంకొకటి 'కళ్ళా_చెవులా' అని ఉంది. అది ప్రతి లైను ముందూ ఏదో చూసుకుని, ఒక్కోసారి రంగులన్నీ తీసేస్తోంది. ఎందుకో ఎక్కడా రాసి లేదు. రాసిన వాళ్ళ పేరు చోట వీజే అని రెండక్షరాలే ఉన్నాయి.

నాకు ఒళ్ళు మండింది. రంగులు వేసే ఫంక్షనయితే మరీ ఘోరం. ప్రపంచమంతా ఆజ్ఞ పేరుకు ఒక రంగు, ఫైలు ఉండే దారికి ఒక రంగు, అంకెలకు ఒక రంగు వేస్తుంది. ఈ వీజే మహానుభావుడు మాత్రం లైను మొత్తానికీ ఒకటే రంగు పూశాడు. ఉన్నవి మూడు రంగులే: పచ్చ, పసుపు, ఎరుపు. ఏ లైనుకు ఏది వేయాలో నాలుగు వందల ఆజ్ఞలకు చేత్తో రాసుకున్నాడు. ఇంత చాకిరీ చేసి ఇంత వికారంగా తయారుచేసినవాణ్ణి నేనెక్కడా చూడలేదనుకున్నాను.

ఎవరినన్నా అడిగి ఉండొచ్చు. మెట్లు దిగితే రెండో అంతస్తు. కానీ కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, నాకు అడిగే ఓపిక లేదు. రెండు రోజులు కూర్చుని, బయట దొరికే మంచి రంగుల లైబ్రరీని తెచ్చి 'రంగెయ్యి' స్థానంలో బిగించాను. 'కళ్ళా_చెవులా'ను నవ్వుకుంటూ తీసేశాను. కొత్త చిట్టీ పెళ్ళిపందిరిలా మెరిసిపోయింది. ఆజ్ఞల పేర్లన్నీ చక్కటి పచ్చ రంగులో వచ్చాయి. నా పక్క సీటాయన ఒకసారి తొంగిచూసి "బాగుంది" అన్నాడు. బుధవారం మధ్యాహ్నం రెండున్నరకు అందరి మిషన్లలోకీ ఎక్కించేశాను.

మూడింటికి పది నిమిషాలుందనగా ఫోను మోగింది. రెండో అంతస్తు మేనేజర్ భానుప్రకాశ్ గారు.

"శ్రీలలితా, జెర కిందికి రా అమ్మా. మూడింటికి ఒక డ్రిల్ ఉన్నది. పక్కన కూసోవాల్సిన సుమిత్ర లీవుల ఉంది. చిట్టీ ఇప్పుడు నీ తాననే ఉన్నది కదా, ల్యాప్‌టాప్ తెచ్చుకొని నువ్వు కూసో, అరగంట పని."

వెళ్ళాను. రెండో అంతస్తు ఒక పెద్ద హాలు. ఒక మూలన అద్దాల గది. గదిలో కంప్యూటర్ ముందు ముప్పై ఐదేళ్ళ మనిషి కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, ఒక చెవిలో ఇయర్‌ఫోను, కుర్చీకి ఆనించి మడతపెట్టిన తెల్ల కర్ర. ఆయన ముందున్న తెర నల్లగా ఉంది. పాడైందేమో అనుకున్నాను. తర్వాత అర్థమైంది, దాన్ని వెలిగించాల్సిన అవసరం ఆయనకు లేదు.

భానుప్రకాశ్ గారు తలుపు బయటే ఆపి సంగతి చెప్పారు. "పేరు విజయేందర్. పుట్టుకతోనే చూపు లేదు. ఫోన్ డెస్కుల ఆరేండ్ల సంది చేస్తున్నడు. ఫోన్ డెస్క్ వచ్చే నెల ఎత్తేస్తున్నరు, ఇగ మిషనే మాట్లాడ్తదంట. షిఫ్ట్ ఇన్‌చార్జ్ పోస్ట్ ఖాళీ ఉన్నది, అదే అడుగుతున్నడు. పైనోళ్ళకు మనసు ఒప్పుతలేదు. చూపు లేనోని చేతికి ల్యాబుల సర్వర్లు ఎట్ల ఇస్తమని పరేషాన్. నేనే కొట్లాడి ఈ డ్రిల్ పెట్టించిన. డ్రిల్ కోసం కావాలని పడగొట్టిన ఉత్త సర్వర్‌ను ముప్పై నిమిషాలల్ల లేపాలె. లేపిండా, పోస్ట్ ఆయనదే. లేకుంటే..."  అద్దంలోంచి లోపలికి చూశారు.

లోపలికి వెళ్ళి నా పేరు చెప్పాను. "కూసోండి మేడం," అన్నాడు విజయేందర్, నా గొంతు వచ్చిన వైపు సరిగ్గా తిరిగి. "మీకు మా తరీక తెల్సా? మీరు కీబోర్డు ముట్టద్దు. మీ ల్యాప్‌టాప్‌ల చిట్టీ తెరిచి పెట్టుకోండి. ఎర్ర లైను వచ్చినప్పుడు నేను గట్టిగ చదువుత. మీరు చూసి మళ్ళ గట్టిగ చదవాలె. ఇద్దరిదీ కలిస్తేనే నొక్కుత."

"ఎర్ర లైనంటే?" అన్నాను.

ఆయన ఆశ్చర్యపోయాడు. "పైన మీకు ఎవ్వరు చెప్పలేదా? పచ్చయితే నొక్కు, పసుపయితే చదువు, ఎర్రయితే పిలువు. పచ్చ లైను ఉత్తగ చూసేది, దాంతోని ఏం నష్టం లేదు. పసుపుది ఏదో ఒకటి మారుస్తది. ఎర్రది తుడిచేస్తది, తుడిస్తే మళ్ళ రాదు. ఈ ఫ్లోర్ అంతా దాని మీదనే నడుస్తది. చిట్టీ రాసినప్పుడే పెట్టిన."

"చిట్టీ... మీరు రాశారా?"

"మూడేండ్లయింది. ఫోన్లు రాని టైముల," అన్నాడు.

వీజే. విజయేందర్.  ఆజ్ఞల పేర్లన్నీ పచ్చగా మెరిపించి వచ్చాను. తుడిచేసే వాటిని కూడా. నోరు తెరిచి చెప్పాలనే అనుకున్నాను. ఇంతలో భానుప్రకాశ్ గారు గోడ మీది గడియారం చూసి "షురూ" అన్నారు.

మొదటి ఎనిమిది నిమిషాలు నేను చూసింది ఇప్పటికీ నమ్మలేను. ఆయన ఇయర్‌ఫోనులోంచి, తెర మీది అక్షరాలను చదివి వినిపించే ప్రోగ్రాం గొంతు సన్నగా వినిపిస్తోంది. అది మాటలా లేదు. నూనెలో ఆవాలు చిటపటలాడినట్టుంది. అంత వేగంగా చదివించుకుంటున్నాడు. అందులో ఒక్క అక్షరం నాకు పట్టలేదు. ఆయనకు మాత్రం అన్నీ పట్టాయి. సర్వరు తన తప్పులు రాసుకున్న వంద లైన్ల చిట్టా అలా గలగలా పారిపోతుంటే మధ్యలో వేలు ఆపి, "గీడ ఉన్నది రోగం. డిస్కు నిండిపోయింది," అన్నాడు. నేను నా తెర మీద అదే చిట్టాను కళ్ళతో వెతుకుతూ ఇంకా మొదటి పేజీలోనే ఉన్నాను. కళ్ళు ఉన్నందుకు నాకెప్పుడూ గర్వం కలగలేదు, అవి ఇంత నెమ్మదని కూడా ఎప్పుడూ తెలియలేదు.

తర్వాత ఆయన చిట్టీ పిలిచాడు. ఆయన మిషన్‌లో చిట్టీ తెర మీదికి రాదు. సూటిగా మాట్లాడే ప్రోగ్రాం నోట్లోకి వెళుతుంది. చిటపట మొదలైంది, వెంటనే తడబడింది. ఆయన రెండు చేతులూ కీబోర్డు మీంచి లేచాయి. వేగం తగ్గించాడు. ఇయర్‌ఫోను తీసేసి స్పీకర్లోకి పెట్టాడు. అప్పుడు నాకూ వినిపించింది.

"ఎస్కేప్. బ్రాకెట్. ముప్పై రెండు. ఎం. ఎస్కేప్. బ్రాకెట్. సున్నా. ఎం. ఎస్కేప్. బ్రాకెట్. ముప్పై ఆరు. ఎం..."

అవి రంగుల గుర్తులు. తెర వాటిని చూడగానే మింగేసి రంగుగా మారుస్తుంది. మాట్లాడే ప్రోగ్రాం మింగలేదు, అక్షరం అక్షరం చదువుతుంది. అందుకే ఆ ఫంక్షన్. అవతల ఉన్నది కళ్ళా, చెవులా అని అడిగి, చెవులయితే రంగులు తీసేసేది. నవ్వుకుంటూ నేను పారేసింది దాన్నే. ఆ మనిషి ఉద్యోగం తేల్చే రోజునే, అరగంట ముందు. నాకు ఊపిరి ఆడలేదు. చెప్పు, చెప్పు అని లోపల కొట్టుకుంటోంది. నాలుక కదలలేదు. ఉన్న మాట చెబుతున్నాను, భయం వేసింది. చేరి మూడు వారాలు, ఇంకా పర్మనెంట్ కాలేదు.

భానుప్రకాశ్ గారు గడియారం చూశారు. పదకొండు నిమిషాలు.

విజయేందర్ విసుక్కోలేదు. పొయ్యి మీది పాలను కనిపెట్టుకున్నట్టు, తల కొద్దిగా వంచి, ఆ గోలనే మళ్ళీ మొదటినుంచి వినిపించుకున్నాడు. రెండోసారికి ఆయన పెదవులు దానితో పాటు కదిలాయి. "ముప్పై రెండు... ఇది పచ్చ," అన్నాడు తనలో తాను. "రంగులు వినపడ్తున్నయి." ఆ అంకెలు ఆయనకు కంఠతా వచ్చు. మూడేళ్ళ క్రితం వాటిని ఫైల్లో రాసింది తనే. మూడోసారికి వేగం పెంచేశాడు. ఆ చెత్తలోంచి ఆజ్ఞలను ఏరుకుంటూ, రాళ్ళబియ్యం చెరిగినట్టు చెరుగుతూ, ముందుకు వెళ్ళిపోయాడు. నేను కాసేపు నా తప్పు కూడా మరిచిపోయి ఆయననే చూస్తూ ఉండిపోయాను.

పద్నాలుగో నిమిషంలో ఆగిపోయాడు.

"మేడం, డిస్కు ఖాళీ చేసే పేజీల మూడో లైను చూడండి. మీ తెర మీద ఏ రంగున్నది?"

"పచ్చ," అన్నాను. 

"అది ఫోల్డర్ మొత్తం తుడిచేసే లైను. ముప్పై ఒకటి, ఎర్ర రావాలె. ముప్పై రెండు ఎందుకొచ్చింది?" ఒక్క క్షణం అంతే. ఆయన మొహంలో రంగు మారిపోయింది. "ఇది నా మిషన్లనేనా? అందరి తాన ఇట్లనే ఉన్నదా?"

నేను జవాబు చెప్పేలోపే ఆయన లేచాడు. కర్ర తీసుకోలేదు. మూడడుగుల్లో తలుపు దగ్గరికి వెళ్ళి, తెరిచి, హాలులోకి అరిచాడు. అలాంటి గొంతు నేను ఆఫీసులో ఎప్పుడూ వినలేదు.

"అందరు చేతులు లేపుండ్రి! చిట్టీ రంగు తప్పింది! ఎవ్వరు పచ్చ నమ్మకుండ్రి!"

పంతొమ్మిది మంది. పంతొమ్మిది మందీ కీబోర్డుల మీంచి చేతులు గాలిలోకి లేపారు. ఒక్కరు కూడా ఎందుకని అడగలేదు. ఫోను మాట్లాడుతున్నవాళ్ళు ఫోను వదిలేశారు. ఆ ఫ్లోర్‌లో ఆ మనిషి మాటకున్న విలువ నాకు అప్పుడు తెలిసింది.

"విజయేందర్, టైం నడుస్తున్నది," అన్నారు భానుప్రకాశ్ గారు, మెల్లగా.

"నడవనీయండి సార్."

ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టాడు. కిటికీ వైపు మొదటి కుర్చీ నుంచి, ఒక్క పేరూ తడుముకోకుండా. "స్వర్ణలతా, ఏ సర్వర్ మీద ఉన్నవ్? ఆఖరున ఏం నొక్కినవ్?" ఆమె చెప్పింది. "పర్వాలేదు, అది చూసేదే. సామ్యూల్?" అతనూ చెప్పాడు. తొమ్మిదో పేరు దగ్గర జవాబు వెంటనే రాలేదు.

"నాగసాయీ?"

"అన్నా..." నాగసాయి కాకినాడ కుర్రాడు, నాకన్నా రెండేళ్ళు చిన్న. రెండు చేతులూ ఇంకా గాల్లోనే ఉన్నాయి. "నేను బోయిగూడ ల్యాబు సర్వర్ మీద ఉన్నానన్నా. నిజం సర్వరే. పాత ఫైళ్ళు తుడుస్తున్నాను. టైప్ చేసేశాను. పచ్చగా ఉందని ఎవర్నీ పిలవలేదు. నొక్కబోతుంటే మీరు అరిచారు."

విజయేందర్ బల్లల అంచులు తాకుతూ అతని దగ్గరికి వెళ్ళాడు. "ఏం టైప్ చేసినవో పైకి చదువు. నిమ్మళంగ. ఒక్కొక్క అక్షరం."

నాగసాయి చదివాడు. చివర్లో తేదీ వేయడం మరిచిపోయాడు. తేదీ లేకపోతే ఆ ఆజ్ఞ ఒక పాత రోజును కాదు, ఆ ల్యాబు దాచుకున్న రిపోర్టులన్నిటినీ తుడిచేస్తుంది. ఎందరి రక్తపరీక్షలో, ఎందరి గడ్డల పరీక్షలో.  "తీసెయ్," అన్నాడు విజయేందర్. నాగసాయి ఒక్కో అక్షరమే చెరిపాడు.

ఇక నావల్ల కాలేదు. "నేనే మార్చానండీ," అన్నాను, అందరికీ వినపడేలా. "చిట్టీ రంగులు మార్చింది నేనే. రెండున్నరకు ఎక్కించాను. మీ ఫంక్షన్ తీసేసింది కూడా నేనే."

ఆయన నా వైపు తిరిగాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"తిట్లు తర్వాత చూద్దాం. పాతది మళ్ళ ఎక్కియ్యనీకి ఎన్ని నిమిషాలు?"

"రెండు."

"ఎక్కియ్."

ఎక్కించాను.  ఆయన మిగిలిన పదిమందినీ అడిగి, అందరూ క్షేమమని తేల్చుకుని, అప్పుడు గదిలోకి వచ్చి కూర్చున్నాడు. గడియారంలో ఇరవై నాలుగు నిమిషాలు దాటింది. పాత చిట్టీ ఇప్పుడు గోల లేకుండా మాట్లాడింది. తుడిచే లైను వచ్చినప్పుడు ఆయన గట్టిగా చదివాడు, నేను గట్టిగా చదివాను. కలిసింది. నొక్కాడు. డిస్కు ఖాళీ అయింది, నిన్నటి నకలు తిరిగి ఎక్కడం మొదలైంది. దాన్ని తొందరపెట్టడం ఎవరి తరమూ కాదు. సర్వరు లేచేసరికి ముప్పై నాలుగు నిమిషాలు.

"సార్, ఆ పది నిమిషాలు ఆయనవి కావు," అన్నాను. "నావి. నా మీద రాయండి."

"నేను గడియారం ఆపమని అడగలే కదా మేడం," అన్నాడు విజయేందర్. "ముప్పై నాలుగే రాయండి సార్."

భానుప్రకాశ్ గారు కాగితం మీద ముప్పై నాలుగు అని రాశారు. కలం మూత పెట్టి, "పైన మాట్లాడాలె," అని వెళ్ళిపోయారు. ఆయన మొహం చూస్తే నాకేమీ తెలియలేదు.

సాయంత్రం ఆరింటికి ప్యారడైజ్ మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర విజయేందర్ కనిపించాడు. నేను తప్పించుకుని పోవచ్చు, ఆయనకు తెలియదు అనుకున్నాను. ఆ ఆలోచన వచ్చినందుకు నన్ను నేనే తిట్టుకుని దగ్గరికి వెళ్ళాను. "విజయేందర్ గారూ, నేను శ్రీలలితను. ఆ గోల మొదలవగానే నా పనే అని నాకు తెలిసింది. నోరు మెదపలేదు. క్షమించండి."

"తెల్సు," అన్నాడు. "గప్పుడే నీ ఊపిరి ఆగింది. ఈమెకు ఏదో తెల్సు అనుకున్న. చెప్తదా చెప్పదా అని చూసిన. చెప్పినవ్ కదా చెల్లె. జెర లేటయింది, అంతే."

ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాం. అడగకుండా ఉండలేకపోయాను. రంగులే చూడని మనిషికి ఆ మూడు రంగులు ఎలా తట్టాయని అడిగాను.

ఆయన నవ్వాడు. వాళ్ళ నాన్న తుకారాం రైలింజను నడిపేవాడట. మౌలాలి రైల్వే క్వార్టర్స్‌లో పెరిగాడు. "చిన్నగున్నప్పుడు అడిగేటోన్ని. నాయినా, ఎర్ర ఎట్లుంటది అని. అందరు నెత్తురు లెక్క, మిరపపండు లెక్క అని చెప్తరు. నాకేం తెల్వాలె? మా నాయిన ఒక్కడే సక్కగ చెప్పిండు. ఎర్ర అంటే ఆగుడు. పచ్చ అంటే ముంగట తొవ్వ ఖాళీ ఉన్నదని ఎవరో నీకు మాటిచ్చుడు. ఇంజన్ల డ్రైవర్ ఉంటడు, అసిస్టెంట్ ఉంటడు. సిగ్నల్ కనపడంగనే ఇద్దరు గట్టిగ ఒర్రాలె. ఒకడు చూసింది ఇంకొకడు సుత చూసినట్టు లెక్క. నాకు గంతే తెల్సు రంగంటే. ఆజ్ఞలకు గదే పెట్టిన."

నేను పుట్టినప్పటి నుంచీ రంగులు చూస్తున్నాను. పచ్చ అంటే ఒకరు ఇంకొకరికి ఇచ్చే మాట అని ఎవరూ నాకు చెప్పలేదు. నేను చక్కగా ఉంటుందని ఆ మాటను నాలుగు వందల లైన్ల మీద చల్లేశాను. రైలు వచ్చింది. ఆయన మెట్టుగూడ వెళతాడు, నేను సికింద్రాబాద్ ఈస్ట్‌లో దిగాలి.  "పోస్టు రాకపోతే ఏం చేస్తారు?" అని అడగాలనుంది, అడిగే మొహం లేదు.

ఆ సాయంత్రం పద్మారావునగర్‌లో మా ఇంటి వంటింటి బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. అమ్మ దోసెలు పోస్తూ "మళ్ళీ ఏం బాగుచేస్తున్నావే?" అంది. ఈసారి ఏదీ తీసేయలేదు. ఆయన ఫంక్షన్లకు పక్కన ఒకటి కలిపాను, ఆరే లైన్లు. 'పలుకు' అని పేరు పెట్టాను. అవతల ఉన్నవి చెవులని తేలితే, రంగు తీసేసి ఊరుకోకుండా, లైనుకు ముందు ఆ రంగు పేరు చెబుతుంది. ఎవరి మిషన్లోకీ ఎక్కించలేదు. ముందు అడగాలి కదా.

మర్నాడు లిఫ్టు ఎక్కకుండా మెట్లెక్కి సూటిగా రెండో అంతస్తుకు వెళ్ళాను. డ్యూటీల కాగితం అంటించే గోడ దగ్గర నాగసాయి, స్వర్ణలత నిలబడి ఉన్నారు. వాళ్ళ భుజాల మధ్యలోంచి చూశాను. వచ్చే నెల షిఫ్ట్ ఇన్‌చార్జ్ అన్న చోట విజయేందర్ పేరు ఉంది. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

భానుప్రకాశ్ గారు టీ కప్పుతో వచ్చారు. "నేనేం అబద్ధం రాయలే," అన్నారు నన్ను చూసి. "ముప్పై నాలుగే రాసిన. దాని కింద ఎందుకో సుత రాసిన. పైన చదివిండ్రు. బోయిగూడ ల్యాబు రిపోర్టులు పోతే ఎంత తక్లీఫ్ అయితుండెనో వాళ్ళకు తెల్సు. ఒక్కరు నోరు తెరవలే." తర్వాత గొంతు తగ్గించారు. "నీ గురించి సుత రాసిన. అడగకుండ మార్చిందని, అడగకుండనే ఒప్పుకుందని. రెండూ రాసిన."

విజయేందర్ అద్దాల గదిలోనే ఉన్నాడు. "అన్నా, ఒకటి రాశాను. మీరు వింటానంటేనే పెడతాను," అన్నాను. ఏమిటో చెప్పాను. ఆయన తన మిషన్‌ను నా వైపు జరిపాడు. పెట్టాను. అందరూ వాడే పెద్ద పేజీని, మొత్తం యాభై లైన్లది, పిలిచాడు. నా కోసమో ఏమో, ఇయర్‌ఫోను తీసి స్పీకర్లో పెట్టాడు, వేగం మామూలు మనిషి మాటంత తగ్గించాడు.

"పచ్చ," అంది ఆ గొంతు, తర్వాత లైను చదివింది. "పచ్చ. పచ్చ. పసుపు. పచ్చ." ఆయన చేతులు బల్ల మీద కదలకుండా ఉన్నాయి. "ఎరుపు," అన్నప్పుడు మాత్రం కుడిచేతి వేళ్ళు ముడుచుకున్నాయి. మళ్ళీ పచ్చలు. మళ్ళీ ఎరుపు. వెంటనే ఇంకో ఎరుపు. ఆయన మొహం అలా మారుతుంటే నేను చూస్తూ నిలబడ్డాను. గుడిలో కూడా నాకు అంత నిశ్శబ్దంగా నిలబడాలని ఎప్పుడూ అనిపించలేదు.

యాభయ్యో లైను అయిపోయింది.

"మూడేండ్ల సంది మీ కండ్ల కోసం రంగులేసిన," అన్నాడు. "ఒక్కొక్కటి విడిగ తెల్సు గని, పేజీల అవి ఏడ పడ్తున్నయో ఇయ్యాలనే ఇంటున్న." స్పీకరు వైపు తల తిప్పాడు. "ఇంత ఎర్రున్నదా మన తాన? ఇంత ఎర్ర కండ్ల ముంగట పెట్టుకొని మీరందరు ఎట్ల నిమ్మళంగ కూసుంటరు చెల్లె?"

 ఆ పేజీని నేను వందసార్లు చూసి ఉంటాను. అందులో ఎరుపు ఎంతుందో నాకూ ఆ రోజే తెలిసింది.

"ఇంకోసారి పెట్టు," అన్నాడు. పెట్టాను.